వేడినీళ్ల వీధి: అమ్మతో హాట్ స్ప్రింగ్స్ నేషనల్ పార్క్ యాత్ర

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు లాంగ్ వీకెండ్‌కి ఎక్కడికి వెళ్దామా అని మాట్లాడుకుంటే ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ పేరు తప్పకుండా వస్తుంది. కారులో నాలుగున్నర, ఐదు గంటల దూరం. చాలామంది వెళ్లి మెయిన్ రోడ్డు మీద ఫొటోలు దిగుతారు, లేక్ హామిల్టన్‌లో బోటెక్కుతారు, మర్ఫ్రీస్‌బరో వైపు మళ్లి వజ్రాల కోసం మట్టి జల్లెడ పడతారు, ఇంటికొచ్చేస్తారు. తాము ఫొటోలు దిగిన ఆ రోడ్డు పక్కనున్నదే నేషనల్ పార్క్ అని కొందరికి తెలియదు కూడా.

తప్పు వాళ్లది కాదు. అమెరికాలో నేషనల్ పార్క్ అనగానే మనకి పెద్ద లోయలు, ఎలుగుబంట్లు, ఎంత దూరం నడిపినా తరగని అడవి గుర్తొస్తాయి. ఇక్కడ పార్క్ అంటే ఊరి నడిబొడ్డున ఒక వీధి, ఆ వీధికి ఒకవైపు ఎనిమిది స్నానశాలలు, వాటి వెనక అడవి కప్పిన కొండలు. అంతా కలిపి సుమారు 5,500 ఎకరాలు. 2018లో సెయింట్ లూయిస్‌లోని గేట్‌వే ఆర్చ్‌కి ఆ హోదా వచ్చేదాకా దేశంలోని నేషనల్ పార్కులన్నిటిలో ఇదే చిన్నది. వయసులో చూస్తే మాత్రం వాటన్నిటికీ పెద్దక్క. 1832 ఏప్రిల్ 20న, ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడిగా ఉండగా, ఈ వేడినీటి బుగ్గలున్న నేలని ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టాలని చట్టం చేశారు. ఎల్లోస్టోన్ పార్క్ పుట్టింది ఆ తర్వాత 40 ఏళ్లకి, 1872లో.

ఈసారి సరస్సూ వజ్రాలూ వదిలేసి ఈ వీధినీ కొండనీ మాత్రమే తీరిగ్గా చూద్దామని బయల్దేరాం. నేను, మా ఆవిడ, కొత్తగూడెం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ. అమ్మ సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. మోకాళ్ల నొప్పులున్నాయి, బీపీ మాత్ర వేసుకుంటుంది. వేడినీళ్లు అనగానే ముందు తయారైంది ఆవిడే.

మొదటి రోజు

నవంబరు మొదటివారం. 30వ నంబరు హైవే పట్టుకుని టెక్సర్‌కానా దాటేదాకా చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రెస్ట్ ఏరియాలో పులిహోర, పెరుగన్నం తిన్నాం. బిల్ క్లింటన్ పుట్టిన హోప్ అనే ఊరి బోర్డు కనిపించింది. ఆయన పెరిగింది మాత్రం మేం వెళ్తున్న హాట్ స్ప్రింగ్స్‌లోనే, 1964లో హైస్కూల్ చదువు పూర్తి చేసింది కూడా అక్కడే. కాడో వ్యాలీ దగ్గర హైవే దిగి 7వ నంబరు రోడ్డు ఎక్కాక దారి మారిపోయింది. వాషిటా కొండలు మొదలయ్యాయి. ఓక్ చెట్లు ఎర్రబారాయి, మధ్యమధ్యలో పైన్ చెట్ల పచ్చదనం. కాడో అనేది ఇక్కడి మూలవాసుల్లో ఒక జాతి పేరు. బుగ్గలున్న నేల క్వాపా జాతివాళ్ల చేతిలోంచి 1818లో ఒక ఒప్పందం ద్వారా అమెరికా ప్రభుత్వానికి వచ్చింది. ఈ ఊరి కథంతా ఆ ఒప్పందం మీదే నిలబడి ఉందని గుర్తుంచుకుని మిగతాది చదవాలి.

సాయంత్రం నాలుగింటికి సెంట్రల్ అవెన్యూలో దిగాం. రోడ్డుకి పడమటి వైపు హోటళ్లు, బొమ్మల షాపులు, ఐస్‌క్రీం బండ్లు. అది ఊరు. తూర్పు వైపు మాగ్నోలియా చెట్లు, వాటి వెనక తెల్లటి, లేత పసుపు రంగు స్నానశాలలు. అది పార్క్. ఎంట్రీ టికెట్ లేదు, గేటు లేదు, రోడ్డు దాటితే చాలు. మన కాళ్ల కింద ఒక వాగు పారుతోందని మాత్రం తెలుసుకోవాలి. ఒకప్పుడు ఈ లోయ మధ్యలో హాట్ స్ప్రింగ్స్ క్రీక్ పైకే పారేది. స్నానాలకొచ్చినవాళ్లు చిన్న వంతెనల మీద దాన్ని దాటేవాళ్లు. 1880ల్లో దాని మీద రాతి కమాను కట్టి, పైన రోడ్డు వేశారు.

వీధి ఉత్తరపు చివర ఆర్లింగ్టన్ లాన్ అనే పచ్చిక మైదానం ఉంది. దాని అంచున కొండ మీంచి వేడినీళ్లు ఒక చిన్న జలపాతంలా జారి కింద రాతి గుంటలో పడతాయి. దగ్గరికెళ్లి కూర్చుని చూశాను. నీళ్లు జారే రాయి మీద ముదురాకుపచ్చ పొర ఒకటి పట్టుకుని ఉంది. ఇంత వేడిలోనూ బతికే నాచు అది. దాని పక్కన బూడిద రంగు రాయి గుల్లగుల్లగా, పొరలు పొరలుగా పేరుకుంది. నీళ్లలోని సున్నం వేల ఏళ్లుగా దిగబడి అలా రాయైంది. వేలు పెట్టి వెంటనే తీసేశాను. బుగ్గల దగ్గర నీళ్ల వేడి సగటున 143 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 62 డిగ్రీల సెల్సియస్. గుంటలోకి వచ్చేసరికి కొంచెం చల్లబడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నా గంధకం వాసన లేదు. చాలా వేడి బుగ్గల దగ్గర కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది కాబట్టి అమ్మకి అది నచ్చింది.

నచ్చనిది ఇంకొకటి. "ఇన్ని బుగ్గలుంటే మునగడానికి ఒక్క గుండమైనా లేదేంట్రా?" అంది. ఆవిడ బదరీనాథ్‌లో తప్తకుండంలో స్నానం చేసిన మనిషి. భద్రాచలం పక్కన గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వి, గుంటలో ఊరిన వేడినీళ్లు తల మీద చల్లుకున్న మనిషి. ఇక్కడ ఆరుబయట స్నానం చేసే చోటే లేదు. ముట్టుకుని చూడటానికి ఒకటి రెండు చోట్లు, అంతే. మిగతా బుగ్గలెక్కడని వెతికితే, కొండవాలు మీద గడ్డిలో అక్కడక్కడా తాళం వేసిన ఆకుపచ్చ పెట్టెలు కనిపించాయి. బుగ్గలు వాటి కింద ఉన్నాయి.

రెండో రోజు

పొద్దున్నే ఫోర్డైస్ స్నానశాలకి వెళ్లాం. ఇప్పుడది మ్యూజియం, విజిటర్ సెంటర్. అమ్మ నేరుగా రేంజర్ దగ్గరికెళ్లి ఆకుపచ్చ పెట్టెల సంగతి అడిగింది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. కొండ పడమటి వాలు మీద 47 బుగ్గలున్నాయి. పైకి వదిలేస్తే ఆకులు, జంతువులు, మనుషుల చేతులు పడి నీళ్లు పాడవుతాయి. అందుకే మూతలేసి, గొట్టాల ద్వారా ఒకచోటికి చేర్చి, స్నానశాలలకీ తాగునీటి కుళాయిలకీ పంపుతారు. మిగతా నేషనల్ పార్కుల్లో ప్రకృతిని కదిలించకుండా అలాగే ఉంచడం నియమం. ఇక్కడ మాత్రం ఈ నీళ్లు జనం వాడుకోవడానికే ఉన్నాయి, వాటిని శుభ్రంగా అందించడమే పార్క్ పని.

ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో విన్నాక నాకు కొండ మీద గౌరవం పెరిగింది. ఇది అగ్నిపర్వతం వేడి కాదు. ఈశాన్యంలో ఉన్న కొండల మధ్య కురిసిన వాన, పగుళ్లు పడిన చెర్ట్, నోవాక్యులైట్ రాళ్ల గుండా మెల్లమెల్లగా లోపలికి ఇంకుతుంది. 6,000 నుంచి 8,000 అడుగుల లోతుకి దిగేసరికి భూమి లోపలి మామూలు వేడికే కాగిపోతుంది. అక్కడ ఒక పెద్ద పగులు దొరికి, దాని వెంట పైకి తన్నుకొస్తుంది. దిగడానికి వేల ఏళ్లు పడుతుంది కానీ పైకి రావడం చాలా త్వరగా జరుగుతుంది, అందుకే వేడి చల్లారదు. కార్బన్ పరీక్షల్లో ఈ నీళ్ల వయసు దాదాపు 4,400 ఏళ్లని తేలింది.

అమ్మ వెంటనే లెక్క కట్టింది. "అంటే మొహెంజొదారోలో మహా స్నానవాటిక కట్టిన రోజుల్లో పడ్డ వాన" అంది. ముప్పై ఏళ్లు ఆరో తరగతి పిల్లలకి ఆ పాఠం చెప్పిన మనిషి కదా. రేంజర్ ఆ మాట తన డైరీలో రాసుకుంది.

మా వైపు ముచ్చట కూడా ఒకటి చెప్పాలి. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు ఉబికొచ్చాయి. సింగరేణి వాళ్లు ఆ వేడితో 20 కిలోవాట్ల కరెంటు తీసే ప్రయోగం చేపట్టారు. అమ్మకి ఆ సంగతి పేపర్లో చదివిన గుర్తుంది. ఇక్కడి రేంజర్‌కి అదీ చెప్పింది.

ఫోర్డైస్ 1915లో తెరిచింది. ఈ వరసలో అన్నిటికన్నా ఖర్చు పెట్టి కట్టింది ఇదే, రెండు లక్షల డాలర్లు దాటింది. ఈ నీళ్ల వల్ల తన ఆరోగ్యం బాగుపడిందని నమ్మిన శామ్యూల్ ఫోర్డైస్ దీని వెనకున్న మనిషి. మగవాళ్ల స్నానాల హాల్లోకి వెళ్తే తల ఎత్తక తప్పదు. పైకప్పు అంతా రంగుటద్దాలు. సముద్రంలో జలకన్యలు, చేపలు. పగటి వెలుతురు వాటిలోంచి నీలంగా పాలరాతి నేల మీద పడుతోంది. హాలు మధ్యలో ఒక విగ్రహం. స్పెయిన్ నుంచి వచ్చిన హెర్నాండో డి సోటోకి ఒక మూలవాసి అమ్మాయి నీళ్లందిస్తూ ఉంటుంది. 1541లో డి సోటో ఇక్కడికొచ్చాడని ఊళ్లో గట్టిగా చెప్పుకుంటారు కానీ చరిత్రకారులందరూ ఒప్పుకోరు. నేల పోగొట్టుకున్న జాతి అమ్మాయి చేత నీళ్లు ఇప్పిస్తున్నట్టు ఆ బొమ్మ చెక్కడం నాకు నచ్చలేదు. అమ్మకీ నచ్చలేదు.

ఆడవాళ్ల వైపు హాలు చాలా చిన్నది. మగవాళ్ల హాల్లో నాలుగో వంతు కూడా ఉండదనిపించింది. మా ఆవిడ చూసిన మొదటి విషయం అదే.

ఒక్కో గదీ ఒక్కో రకం. గోడలకి చెక్క నిచ్చెనలు, తాళ్లు ఉన్న జిమ్. కరెంటు వైద్యం గది. నడవలేనివాళ్లని పైకప్పుకి బిగించిన పట్టా మీద వేలాడదీసి నీళ్లలోకి దించే పెద్ద తొట్టి. బేస్‌మెంట్‌లో అద్దం వెనక ఒక అసలు బుగ్గ, పక్కనే ఒకప్పటి బౌలింగ్ ఆట చోటు. పెన్సిలిన్ రాకముందు ఈ ఊరికి ఎందుకంత పేరొచ్చిందో ఈ గదులు చెప్తాయి. కీళ్ల నొప్పులు, చర్మరోగాలు, సిఫిలిస్ అనే సుఖవ్యాధి, అన్నిటికీ డాక్టర్లు ఇక్కడి స్నానాలు రాసిచ్చేవాళ్లు. మూడు వారాల పాటు రోజుకొకటి చొప్పున 21 స్నానాలు ఒక కోర్సు. సిఫిలిస్ ఉన్నవాళ్లకి ఒంటికి పాదరసం పూసి రుద్దేవాళ్లు. ఆ పాదరసమే విషం. 1904లో బోల్ట్‌వుడ్ అనే శాస్త్రవేత్త ఈ నీళ్లలో రేడియోధార్మికత కొంచెం ఉందని చూపించాడు. ఆ రోజుల్లో రేడియం అంటే అందరికీ మోజు, అదీ మంచిదేనని ప్రచారం చేసుకున్నారు. 1946లో ఒక్క ఏడాదిలో లక్షల స్నానాలు జరిగాయి. తర్వాత యాంటీబయాటిక్స్ వచ్చాయి, డాక్టర్లు చీటీ రాయడం మానేశారు. 1962లో ఫోర్డైస్ మూతపడింది. 1974లో మారీస్, 1977లో ఓజార్క్, 1978లో హేల్, 1983లో సుపీరియర్, 1984లో క్వాపా, 1985లో లమార్. బక్‌స్టాఫ్ ఒక్కటే 1912 నుంచి ఇప్పటిదాకా తలుపులు తెరిచే ఉంది.

మధ్యాహ్నం అక్కడికే వెళ్లాం. బయల్దేరే ముందే అమ్మ బీపీ గురించి మా డాక్టర్‌ని అడిగాం. స్టీమ్ వద్దు, టబ్‌లో ఎక్కువసేపు వద్దు అన్నారు. అమ్మకి అసలు టెన్షన్ ఆరోగ్యం గురించి కాదు, బట్టల గురించి. ఆడవాళ్లది పై అంతస్తు, మగవాళ్లది కింద, ఒకరి కంట ఇంకొకరు పడరని, ఒంటికి దుప్పటి చుట్టే తీసుకెళ్తారని మా ఆవిడ చెప్పాకే ఒప్పుకుంది.

నావైపు జరిగింది చెప్తాను. బట్టలు లాకర్లో పెట్టాక ఒక పెద్దాయన తెల్ల దుప్పటి చుట్టి లోపలికి తీసుకెళ్లాడు. పింగాణీ తొట్టి, ఎంత లోతంటే గడప ఎక్కినట్టు ఎక్కి దిగాలి. నీళ్లు మన ఒంటి వేడి కన్నా కాస్త ఎక్కువ. పక్కన మోటారు తిరుగుతూ నీళ్లని కదుపుతుంది. ఆయన పీచు తొడుగు చేతికి వేసుకుని వీపు, చేతులు, కాళ్లు రుద్దాడు. అదే బుగ్గ నీళ్లు చిన్న కప్పుల్లో పోసి తాగమన్నాడు, రెండు కప్పులు. తర్వాత ఆవిరి పెట్టె, తల మాత్రం బయట ఉంటుంది. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, పిండిన వేడి తువ్వాళ్లు నడుముకీ మోకాళ్లకీ వేసి, నుదుటి మీద చల్లటి గుడ్డ వేశాడు. చివర్లో షవర్, అది పైనుంచి కాదు, చుట్టూ ఉన్న గొట్టాల్లోంచి సూదుల్లా కొడుతుంది. గంట పట్టింది. బయటికొచ్చాక పావుగంట కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

అమ్మ ఆవిరి వదిలేసి మిగతావి చేయించుకుని వచ్చింది. తన మోకాళ్లకి వేడి తువ్వాలు కప్పిన ఆవిడ గురించే రాత్రంతా చెప్పింది. ఆవిడకి కూడా మోకాళ్ల నొప్పులేనట. ఈ నీళ్లు నొప్పి తీసేస్తాయా అని అమ్మ అడిగితే, "ఇవాళ్టికి తగ్గుతుంది, రేపు మళ్లీ నడవాలి" అందట. నాకా సమాధానం నచ్చింది. పార్క్ కూడా ఈ నీళ్లు రోగాలు తగ్గిస్తాయని ఎక్కడా చెప్పదు.

మూడో రోజు

ఎనిమిది భవనాల్లో మిగిలినవి ఇప్పుడేమయ్యాయో పొద్దున నడుస్తూ చూశాం. 1892 నాటి హేల్, ఉన్నవాటిలో పాతది, ఇప్పుడు హోటల్. క్వాపా 2008లో కొత్త తరహా స్పాగా తెరుచుకుంది, ఆడామగా కలిసి దిగే కొలనులుంటాయి. సుపీరియర్‌లో బుగ్గ నీళ్లతో బీర్ కాస్తారు. నేషనల్ పార్క్ లోపల ఉన్న బ్రూవరీ దేశంలో ఇదొక్కటే. లమార్‌లో పార్క్ షాపు, ఓజార్క్‌లో చిత్రాల ప్రదర్శనలు. వీధంతా 1987లో జాతీయ చారిత్రక కట్టడమైంది.

స్నానశాలల వెనక కొండవాలు మీద ఇటుకలు పరిచిన గ్రాండ్ ప్రొమెనేడ్ ఉంది. 1930ల్లో మొదలుపెట్టి 1957లో ముగించారు. చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే ఈ దారికే తీసుకెళ్లండి. మేం అక్కడ కూర్చుని మాట్లాడుకున్నది ఒకటే: ఈ నీళ్లు ఎవరివి?

1804 డిసెంబరులో అధ్యక్షుడు జెఫర్సన్ పంపిన అన్వేషకులు డన్‌బర్, హంటర్ ఇక్కడికొచ్చినప్పుడు మనుషుల్లేని ఒక చెక్క ఇల్లు, కొన్ని గుడిసెలు కనిపించాయి. అంటే అప్పటికే రోగులు వచ్చి వెళ్తున్నారు. 1832లో చట్టం చేశారు కానీ హద్దులు గీయలేదు, చూసేవాళ్లని పెట్టలేదు. బుగ్గలు మావంటే మావని నాలుగు దశాబ్దాలు కొట్టుకున్నారు. చివరికి 1876లో సుప్రీంకోర్టు ఇవి ఎవరి సొంతమూ కాదు, దేశానివి అని తేల్చింది. ఆ తీర్పుతో ఇంకో చిక్కు వచ్చింది. డబ్బు లేని రోగులు కొండ మీద గుడారాలేసుకుని, తవ్విన గుంటల్లో స్నానం చేసేవాళ్లు. ఒకదానికి రాల్ హోల్ అని పేరు. ప్రభుత్వం కొండని చక్కదిద్దే పనిలో వీళ్లని ఖాళీ చేయించబోతే వాళ్లు ఎదురుతిరిగారు. 1878 డిసెంబరులో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది: పేదవాళ్లకి సరిపడా ఉచిత స్నానాలు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలి. అలా ప్రభుత్వ ఉచిత స్నానశాల వచ్చింది. 1921లో దానికి ప్రజారోగ్య శాఖ క్లినిక్ తోడైంది. సిఫిలిస్, గనేరియా ఉన్న బీదవాళ్లు దేశం నలుమూలల నుంచి గూడ్సు బండ్లెక్కి వచ్చేవాళ్లు. రంగుటద్దాల ఫోర్డైస్ గురించి రాసినంతగా ఆ ఉచిత స్నానశాల గురించి ఎవరూ రాయరు. ఈ పార్క్ చేసిన అన్ని పనుల్లోకీ గొప్ప పని అదేనని నా అభిప్రాయం.

మధ్యాహ్నం మాల్వెర్న్ అవెన్యూకి వెళ్లాం. పార్క్ హద్దు దాటి కొంచెం నడిస్తే చాలు. సెంట్రల్ అవెన్యూ స్నానశాలల్లో ఒళ్లు రుద్దినవాళ్లు, తువ్వాళ్లు వేసినవాళ్లు, తొట్లు కడిగినవాళ్లు, ఎక్కువమంది నల్లజాతివాళ్లే. ఫోర్డైస్‌లో ఫొటోల్లో తెల్లబట్టల్లో వరసగా నిలబడి ఉంటారు. వాళ్లు పనిచేసే తొట్లలో వాళ్లు దిగడానికి వీల్లేదు. వాళ్లకోసం ఈ వీధిలో 1914లో పిథియన్ స్నానశాల వచ్చింది, అంతకుముందున్న స్నానశాల 1913 నాటి పెద్ద అగ్నిప్రమాదంలో కాలిపోయాక. తర్వాత 1920ల్లో ఉడ్‌మెన్ ఆఫ్ యూనియన్ అనే సంఘం ఒక పెద్ద భవనం కట్టింది. అందులో హోటల్, ఆస్పత్రి, పెద్ద సభామందిరం, స్నానశాల ఉండేవి. తర్వాత అది నేషనల్ బాప్టిస్ట్ హోటల్ అయింది. నల్లజాతి సంగీతకారులు, ఆటగాళ్లు ఈ ఊరొస్తే బస అక్కడే. ఎర్రటి ఇటుకల భవనం ఇంకా ఉంది. సెంట్రల్ అవెన్యూ తలుపులు అందరికీ తెరుచుకోవడానికి 1960లు రావాల్సి వచ్చింది.

అమ్మ ఆ భవనం ముందు చాలాసేపు నిలబడింది. "మా అమ్మమ్మగారి ఊళ్లో కూడా రెండు బావులుండేవిరా" అంది. "ఊళ్లో ఒకటి, గూడెంలో ఒకటి. గూడెం బావి ఎండిపోతే వాళ్లు మన బావి గట్టు దగ్గర కడవలు పెట్టుకుని, ఎవరైనా తోడి పోస్తారేమోనని నిలబడేవాళ్లు. నేను చిన్నపిల్లని, చూశాను." నాకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. 47 బుగ్గల నుంచి రోజూ లక్షల గ్యాలన్లు ఊరే ఊళ్లో నీళ్లకి గోడ కట్టారంటే, అది నీళ్లు చాలక కాదు.

మిగతా చరిత్ర, అంటే టూరిస్టు బస్సుల్లో గట్టిగా చెప్పేది, మేం త్వరగా చూసేశాం. ఆర్లింగ్టన్ హోటల్లో గ్యాంగ్‌స్టర్ అల్ కపోన్ దిగేవాడు. న్యూయార్క్ పోలీసుల నుంచి తప్పించుకొచ్చిన ఇంకో గ్యాంగ్‌స్టర్ లక్కీ లూచియానో 1936లో ఈ ఊళ్లోనే దొరికాడు. జూదం బహిరంగంగా నడిచేది, 1967లో గవర్నర్ విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ ఆపించాడు. నాకు వాటికన్నా బేస్‌బాల్ కథ నచ్చింది. 1886లో షికాగో వైట్ స్టాకింగ్స్ టీము సీజన్ ముందు ఒళ్లు వంచడానికి ఇక్కడికొచ్చింది. పొద్దున కొండెక్కడం, సాయంత్రం వేడినీళ్లు. ఆటలో స్ప్రింగ్ ట్రెయినింగ్ అనే అలవాటు అక్కడే వేళ్లూనుకుంది. 1918 మార్చి 17న విటింగ్టన్ పార్క్ మైదానంలో బేబ్ రూత్ కొట్టిన బంతి రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మొసళ్ల ఫారంలో పడింది. ఆ దూరం 573 అడుగులని ఇప్పుడు అక్కడ పలక పెట్టారు.

సూర్యాస్తమయం వేళకి హాట్ స్ప్రింగ్స్ మౌంటెన్ టవర్ ఎక్కాం. 216 అడుగులు, లిఫ్ట్ ఉంది. పైనుంచి చూస్తే సెంట్రల్ అవెన్యూ రెండు కొండల మధ్య సన్నటి సందులా కనిపిస్తుంది.

నాలుగో రోజు

అమ్మ రూములో విశ్రాంతి తీసుకుంటానంటే నేను, మా ఆవిడ గల్ఫా గార్జ్ వైపు వెళ్లాం. అక్కడ వాగు పక్కన క్యాంప్‌గ్రౌండ్ ఉంది. వాగు దాటి గోట్ రాక్ దాకా నడిస్తే, కాలిబాట పక్కన తెల్లటి, లేత బూడిద రంగు రాళ్లు పదునుగా విరిగి పడి ఉంటాయి. అదే నోవాక్యులైట్. యూరోపియన్లు రాకముందు వేల ఏళ్లపాటు మూలవాసులు ఈ కొండల్లో గుంటలు తవ్వి, ఈ రాయితో బాణాల మొనలు, కత్తులు చేసుకున్నారు. కత్తులు నూరుకునే ఆర్కన్సా రాయి అని ప్రపంచమంతా అమ్ముడుపోయేది ఇదే. ఒక ముక్క ఎండకి పెట్టి చూస్తే అంచు మైనంలా కాస్త వెలుతురుని లోపలికి రానిస్తుంది. చూసి అక్కడే పెట్టేశాం, పార్క్‌లోంచి రాళ్లు తీసుకెళ్లకూడదు. బుగ్గలకి నీళ్లు వడకట్టి పంపుతున్నదీ ఈ రాయే.

పదింటికి అమ్మని ఎక్కించుకుని రిజర్వ్ స్ట్రీట్‌లో పార్క్ ఆఫీసు ముందున్న కుళాయి దగ్గరికి వచ్చాం. వేడినీళ్ల కుళాయిలు ఊళ్లో ఇంకా ఉన్నాయి, చల్లటి బుగ్గ నీళ్లు కావాలంటే హ్యాపీ హాలో, విటింగ్టన్ దగ్గర దొరుకుతాయి. ఒక ముసలాయన పికప్ ట్రక్కులోంచి డజను క్యాన్లు దించి ఒక్కొక్కటే నింపుతున్నాడు. ఇంట్లో కాఫీకీ వంటకీ ఇవే వాడతామని, వాళ్ల నాన్న కూడా ఇలాగే వచ్చి నింపుకునేవాడని చెప్పాడు. మమ్మల్ని చూసి తన క్యాన్లు పక్కకి జరిపి, ముందు మీరు పట్టుకోండి అన్నాడు.

"డబ్బులెక్కడ కట్టాలి?" అని అమ్మ అడిగింది.

"ఎక్కడా కట్టక్కర్లేదమ్మా."

ప్లాస్టిక్ క్యాన్లు వేడికి మెత్తబడతాయని ఆ పెద్దాయనే హెచ్చరించాడు. సగం నింపి, మూత తీసి కాసేపు చల్లారనిచ్చి, మళ్లీ నింపమన్నాడు. అలాగే చేశాం. పదకొండున్నరకి ఊరు దాటాం. క్యాన్లని డిక్కీలో ఒత్తిగిలకుండా దుప్పటి చుట్టి పెట్టింది మా ఆవిడ. ఇంటికెళ్లాక వాటిలో ఒకటి తన ఫ్రెండ్ వాళ్ల అత్తగారికి ఇవ్వాలని అమ్మ అప్పుడే చెప్పేసింది, ఆవిడవీ మోకాళ్ల నొప్పులేనట. తాగడానికి మాత్రమేనని చెప్పి ఇవ్వమన్నాను.